ఫ్యామిలీ డాక్టర్ కావాలంటే: నల్లగొండ, పాలమూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంబీబీఎస్ చదివితే ఫ్యామిలీ డాక్టర్ అయినట్టే కదా? మళ్లీ వేరే చదువు ఎందుకు?

ఎంబీబీఎస్ పూర్తిచేసి మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైన వారెవరైనా ప్రాక్టీసు పెట్టవచ్చు. చట్టం అడ్డు చెప్పదు. అయితే ఎంబీబీఎస్‌లో విద్యార్థి రోగిని చూసేది ఎక్కువగా వార్డుల్లో, అప్పటికే జబ్బు పేరు కేస్‌షీట్ మీదికి ఎక్కిన తర్వాత. క్లినిక్‌కు వచ్చే మనిషి జబ్బు పేరుతో రాడు. "నెల నుంచి పానం మంచిగుంటలేదు సారూ, ఆకలైతలేదు" అని కూర్చుంటాడు. అది షుగరా, టీబీనా, థైరాయిడా, కల్లు మానేసిన ప్రభావమా, అప్పుల దిగులా అన్నది ఆ పది పదిహేను నిమిషాల్లో ఒక దారికి తేవాలి. ఈరోజే పెద్దాసుపత్రికి పంపాల్సినదేదో, వారం ఆగి చూడదగినదేదో విడదీయాలి. ఆ ఇంట్లోనే అత్త బీపీ, కోడలి గర్భం, పసిబిడ్డ టీకాలు, మామ మోకాళ్ల నొప్పులు కూడా ఏళ్ల తరబడి అదే డాక్టర్ చూస్తుండాలి. ఇది దానంతటది అబ్బేది కాదు, గురువు పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన పని. అందుకే మన దేశంలో ఫ్యామిలీ మెడిసిన్ ప్రత్యేకమైన పీజీ కోర్సుగా ఉంది.

ఇంటర్ నుంచి లెక్కిస్తే ఎన్నేళ్లు పడుతుంది?

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది, పీజీ మూడేళ్లు: మొత్తం ఎనిమిదిన్నరేళ్లు. నీట్ యూజీకో నీట్ పీజీకో ఒక ఏడాది ఎక్కువ చదివితే తొమ్మిది, పది అవుతుంది. ఇంట్లో ఆర్థిక లెక్కలు వేసుకునేటప్పుడు ఎనిమిదిన్నర మీద కాకుండా పదేళ్ల మీద వేసుకోండి. ఇంటర్న్‌షిప్‌లో, పీజీలో స్టైపెండ్ వస్తుంది కాబట్టి చివరి నాలుగేళ్లలో ఇంటి మీద భారం చాలా తగ్గుతుంది.

ఎంబీబీఎస్ సీటు మన జిల్లాల్లోనే దొరుకుతుందా?

ఇప్పుడు దొరుకుతుంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో, గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరిల్లో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లోంచి ఏర్పడిన ఎనిమిది జిల్లాల్లోనూ ఇవాళ సర్కారు కాలేజీ ఉన్నట్టే.

దారి ఒక్కటే: ఇంటర్ బైపీసీ, ఆ తర్వాత నీట్ యూజీ. 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటలు. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. బయాలజీకే 360 మార్కులు. మన దగ్గర పిల్లలు సీటు పోగొట్టుకునేది ఎక్కువగా ఫిజిక్స్‌లో. బయాలజీని మూడుసార్లు తిరగేసి ఫిజిక్స్‌ను చివరి రెండు నెలలకు వదిలేయొద్దు.

ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటా కిందికి పోతాయి. మిగిలిన 85 శాతం రాష్ట్ర కోటాను కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌తో నింపుతుంది. ఇక్కడే ఒక చిక్కుంది. ఆ కోటాకు కావలసిన స్థానికత తేలేది 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివారా అన్నదాని మీద. గద్వాల, అలంపూర్ వైపు పిల్లలు కర్నూలులో, మక్తల్, కృష్ణా వైపు వారు రాయచూరులో, కోదాడ వైపు వారు విజయవాడలో ఇంటర్ చదవడం మామూలు. ఇంటర్‌కు రాష్ట్రం దాటించే ముందు ఆ ఏడాది స్థానికత నిబంధనలు, మినహాయింపులు పూర్తిగా చదవండి. కౌన్సెలింగ్ రోజు తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

ఎంబీబీఎస్‌లో ఉండగానే ఏం చేసుకోవాలి?

మొదటి రెండేళ్లు మామూలుగా చదవండి. అప్పుడే ఫ్యామిలీ మెడిసిన్ పుస్తకాలు అక్కర్లేదు. కుటుంబ దత్తత కార్యక్రమం కింద ఊళ్లో కొన్ని ఇళ్లు అప్పగిస్తారు. చాలామంది ఫారాలు నింపి ఫొటో దిగి వచ్చేస్తారు. అలా కాకుండా ఆ ఇళ్లలో బీపీ, షుగర్ ఉన్నవారు మందులు ఏ వారంలో మానేస్తున్నారు, ఎందుకు మానేస్తున్నారు అని ప్రతిసారీ అడిగి రాసుకోండి. మందులైపోయి తెచ్చుకునేవారు లేక మానేసినవారు, "తగ్గింది కదా" అని మానేసినవారు, నాట్లప్పుడు కూలి పోతుందని మానేసినవారు వేర్వేరుగా కనిపిస్తారు. వారికి చెప్పాల్సిన మాట కూడా వేర్వేరే.

అసలు విలువైనది ఇంటర్న్‌షిప్. అందులో కమ్యూనిటీ మెడిసిన్‌కు 12 వారాలుంటాయి. నీట్ పీజీ చదువు కోసం ఆ 12 వారాలనే ఎగ్గొట్టడం అలవాటైపోయింది. ఫ్యామిలీ డాక్టర్ కావాలనుకునేవారికి అంతకంటే పెద్ద నష్టం లేదు. పీహెచ్‌సీలో రోజూ ఓపీలో కూర్చోండి. ఏఎన్ఎంతో టీకాల రోజు వెళ్లండి, ఆశాతో ఇళ్లకు వెళ్లండి. క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు వదులుకోవద్దు. కుట్లు, చీముగడ్డ కోసి శుభ్రం చేయడం, కట్టు, క్యాథెటర్, పసిపిల్లలకు ఐవీ లైను, మామూలు కాన్పు, ఇవన్నీ ఇంటర్న్‌షిప్ ముగిసేలోపు ఎవరి సాయం లేకుండా చేయగలగాలి. పీజీలో ఇవి మళ్లీ మొదటి నుంచి నేర్పరు.

ఎండీ, డీఎన్బీ, డిప్లొమా: ఏది తీసుకోవాలి?

మూడింటికీ ప్రధాన ప్రవేశ పరీక్ష నీట్ పీజీ (ఎయిమ్స్ లాంటి సంస్థల సీట్లకు ఐఎన్ఐ-సెట్ వేరు): 200 ప్రశ్నలు, 800 మార్కులు, మూడున్నర గంటలు.

ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ మూడేళ్లు. దేశం మొత్తం మీద సీట్లు చాలా తక్కువ. వస్తే మంచిదే, దాని కోసమే ఆగడం మాత్రం తెలివి కాదు. డీఎన్బీ ఫ్యామిలీ మెడిసిన్ కూడా మూడేళ్లే. నేషనల్ బోర్డ్ నడుపుతుంది, ఎండీతో సమానంగా గుర్తింపు ఉంది, సీట్లూ ఎక్కువ. మన విద్యార్థుల్లో ఎక్కువమందికి ఇదే దారి. బోర్డ్ డిప్లొమా రెండేళ్లు, థీసిస్ ఉండదు. వయసో కుటుంబ బాధ్యతలో తొందరపెడుతుంటే తీసుకోవచ్చు. కానీ మెడికల్ కాలేజీలో బోధన వైపు వెళ్లాలనుంటే మూడేళ్ల కోర్సే చేయండి.

ఇవి కాక, పని చేసుకుంటూ దూరవిద్యలో చేసే డిప్లొమాలున్నాయి. ఒంటరిగా ప్రాక్టీసు చేసే ఎంబీబీఎస్ డాక్టర్లకు అవి నిజంగా ఉపయోగం. అయితే వాటితో క్లినిక్ పేరుపలక మీద స్పెషలిస్టు అని రాసుకునే హక్కు రాదు. చేరేముందే ఈ తేడా తెలుసుకోండి.

కమ్యూనిటీ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్ ఒకటేనా?

కాదు. కమ్యూనిటీ మెడిసిన్ చూసేది జనాభాను: సర్వేలు, అంటువ్యాధుల నిఘా, కార్యక్రమాల నిర్వహణ. ఫ్యామిలీ మెడిసిన్ చూసేది ఎదురుగా కూర్చున్న మనిషిని, అతని ఇంటివాళ్లను. ఎయిమ్స్ లాంటి సంస్థల్లో రెండూ ఒకే విభాగం పేరు కింద ఉండటంతో పొరబడుతుంటారు. కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టేటప్పుడు కోర్సు పేరు చూడండి, విభాగం పేరు కాదు.

డీఎన్బీకి ఆసుపత్రిని ఎలా ఎంచుకోవాలి?

ఇందులో తప్పు చేస్తే మూడేళ్లు పోతాయి. అందుకే కాస్త వివరంగా చెప్తున్నాం.

ఆప్షన్లు పెట్టే ముందు ఆ ఆసుపత్రిలో ప్రస్తుతం రెండో, మూడో ఏడాదిలో ఉన్న రెసిడెంట్లను, అంటే పీజీ విద్యార్థులను, అడగండి. మేనేజ్‌మెంట్‌ను అడిగితే బ్రోచర్‌లో ఉన్నదే చెప్తారు. మొదటి ప్రశ్న: ఫ్యామిలీ మెడిసిన్‌కు సొంత ఓపీ ఉందా, అందులో రెసిడెంట్ తన పేరుతో రోగులను చూసి మళ్లీ నెలకు, మూడు నెలలకు అదే రోగిని చూడగలుగుతున్నాడా? ఇది లేని చోట చేరొద్దు. అదే రోగిని పదేపదే చూడటమే ఈ చదువుకు వెన్నెముక.

రెండో ప్రశ్న: మెడిసిన్, పిల్లలు, గైనిక్, సర్జరీ, ఎముకలు, చర్మం, కన్ను, చెవి-ముక్కు-గొంతు, సైకియాట్రీ, ఎమర్జెన్సీ రొటేషన్లు నిజంగా జరుగుతున్నాయా? చాలాచోట్ల జరిగే అన్యాయం ఏమిటంటే, ఐసీయూలో, వార్డులో డ్యూటీ డాక్టర్లు చాలక ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెంట్లను నెలల తరబడి అక్కడే ఉంచేస్తారు. వెంటిలేటర్ బాగా నడపడం వస్తుంది, చర్మం మీద తామరను, సోరియాసిస్‌ను వేరుచేయడం రాదు. గజ్జికి, తామరకు స్టెరాయిడ్ కలిసిన క్రీము రాసే డాక్టర్లు ఇలాగే తయారవుతారు.

మూడోది, కాన్పులు, పిల్లల ఓపీ ఎంత జరుగుతాయి? ఖరీదైన కార్పొరేట్ ఆసుపత్రిలో రెసిడెంట్ చేయి పెట్టే అవకాశం తక్కువ. జిల్లా ఆసుపత్రులు, మిషన్ ఆసుపత్రుల్లో పని ఎక్కువ, నేర్చుకునేది ఎక్కువ. పోయిన రెండు మూడు బ్యాచ్‌లు చివరి పరీక్ష ఎలా రాశాయో కూడా కనుక్కోండి.

పీజీలో మూడు నెలలు జిల్లా రెసిడెన్సీ, అంటే జిల్లా ఆసుపత్రిలో పని, ఉంటుంది. దాన్ని శిక్షగా తీసుకోకండి. స్కానింగ్, స్పెషలిస్టు పక్కన లేకుండా నిర్ణయం తీసుకునే అలవాటు అక్కడే వస్తుంది.

థీసిస్, చివరి పరీక్ష ఎలా ఉంటాయి?

థియరీ నాలుగు పేపర్లు, ఒక్కోటి మూడు గంటలు, వంద మార్కులు. మొత్తం 400లో 200 రావాలి. ఆ తర్వాత ప్రాక్టికల్. థీసిస్ తప్పనిసరి.

థీసిస్‌లో దెబ్బతినేది అంశం పెద్దదైనప్పుడు. ఖరీదైన రక్తపరీక్షలు, రెండేళ్ల ఫాలోఅప్ కావాల్సిన అంశం తీసుకుంటే డబ్బూ చాలదు, రోగులూ మళ్లీ రారు. మీ ఓపీలో రోజూ కనిపించేదే తీసుకోండి. షుగర్ రోగుల్లో కాళ్ల స్పర్శను 10 గ్రాముల ఒత్తిడి ఇచ్చే మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగు‌తో పరీక్షించడం, బీపీ మందులు మానేయడానికి కారణాలు, ఇలాంటివి. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే డేటా మొదలుపెట్టాలి. ముందే సేకరించినది వాడుకోవడానికి వీల్లేదు.

చిన్న విషయాలే కదా అని వదిలేస్తే ముప్పు తెచ్చేవి ఏవి?

మొదటిది బీపీ చూడటం. రోగి ఐదు నిమిషాలు కూర్చోవాలి, వీపుకు ఆనుడు, పాదాలు నేల మీద, చేయి గుండె ఎత్తున ఉండాలి, మాట్లాడకూడదు. కఫ్‌లోని సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. లావు చేతికి మామూలు కఫ్ కడితే బీపీ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది, జీవితాంతం మందు పడుతుంది. క్లినిక్‌లో కనీసం మూడు సైజుల కఫ్‌లు ఉండాలి.

రెండోది పిల్లల మందుల మోతాదు. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావాలి. సీసా మీద 5 మి.లీ.కు 125 అని ఉంటే 6 మి.లీ., 250 అని ఉంటే 3 మి.లీ., ఒక మి.లీ.లో 100 ఉండే చుక్కల మందైతే 1.5 మి.లీ. మాత్రమే. చీటీ మీద ఉత్త "6 మి.లీ." అని రాస్తే మెడికల్ షాపులో 250 సీసా ఇచ్చినప్పుడు మందు రెట్టింపు పడుతుంది, చుక్కల మందు ఇస్తే నాలుగింతలు. బలం, మి.లీ. రెండూ రాయండి, తల్లితో కొలిచి చూపించమనండి.

మూడోది ఛాతీనొప్పి. వచ్చిన పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. నడివయసు దాటిన షుగర్ రోగి "గ్యాస్ పట్టింది, చెమటలు పోస్తున్నయ్" అంటే గ్యాస్ మాత్ర ఇచ్చి పంపడం ప్రాణం తీసే పొరపాటు. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి.

నల్లగొండ, పాలమూరు వైపు పనిచేసేవారు ప్రత్యేకంగా ఏం నేర్చుకోవాలి?

పాఠ్యపుస్తకాల్లో రెండు లైన్లలో ముగిసేవి ఇక్కడ రోజూ ఎదురవుతాయి.

ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు నడివయసు దాటినవారిలో మెడ తిరగకపోవడం, నడుం వంగకపోవడం, పళ్ల మీద గోధుమరంగు మరకలు కనిపిస్తే కీళ్లవాతం అని నొప్పిమాత్రలు రాసే ముందు ఫ్లోరోసిస్ గుర్తుకు రావాలి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు లేని చోట హద్దు 1.5. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపించడం మంచి ఆధారం. పట్టిక, సున్నం, బ్లీచింగ్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే ఉంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా పొలం దగ్గర బోరు నీళ్లు తాగేవారు ఇంకా ఉన్నారు. ఇంట్లో ఏ నీళ్లు, పొలంలో ఏ నీళ్లు, వంటకు ఏ నీళ్లు అని మూడు ప్రశ్నలూ అడగాలి. వంగిన ఎముకను మందు సరిచేయదు. నీళ్లు మార్చడం, పిల్లలకు కాల్షియం ఉన్న తిండి, గర్భిణులకు జాగ్రత్తలు మాత్రమే మిగతావారిని కాపాడతాయి. నొప్పిమాత్రలు ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు కూడా పోతాయి.

పురుగుమందు. పత్తి చేలలో కొట్టేటప్పుడు ఒంటికి పట్టినవి, తాగినవి రెండూ వస్తాయి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే కనుపాపలు సూదిమొనలా చిన్నబడతాయి, చొంగ, చెమట, ఛాతీలో గరగర ఉంటాయి. ముందు బట్టలు తీసి ఒళ్లు కడగాలి, కడిగేవారు గ్లౌజులు వేసుకోవాలి. అట్రోపిన్ ఇచ్చి, చాలకపోతే ఐదేసి నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. ఛాతీ పొడిగా, శుభ్రంగా వినిపించేదాకా ఇవ్వాలి. కనుపాప పెద్దదైంది కదా అని ఆపేయడం మామూలుగా జరిగే తప్పు. తేరుకున్నాక కూడా ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు పట్టు తప్పవచ్చు. మెడ ఎత్తలేకపోతున్నాడంటే వెంటనే వెంటిలేటర్ ఉన్న చోటికి పంపాలి. సీసా తెమ్మనండి. పారాక్వాట్ గడ్డిమందైతే చికిత్స దారే వేరు, అక్కడ ఆక్సిజన్ అవసరం లేకుండా ఇస్తే హాని.

పాముకాటు. తాడు కట్టడం, కోయడం, పసరు పోయడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా కట్టుబద్ద వేసి తేవాలి. 2 మి.లీ. రక్తం శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో తీసుకుని 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే రక్తపింజర జాతి విషం ఎక్కినట్టు. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గొట్టం వాడినా ఫలితం తప్పు వస్తుంది. విషలక్షణాలుంటే విరుగుడు మందు 8 నుంచి 10 వయల్స్‌తో మొదలుపెట్టాలి. పిల్లలకూ పెద్దలకూ అంతే మోతాదు, ఎందుకంటే పాము ఎక్కించే విషం మనిషి బరువును బట్టి మారదు. విరుగుడు మందు పడకపోతే ఇవ్వడానికి పక్కన అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి. నేల మీద పడుకున్న మనిషికి తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం ఉంటే కాటు గుర్తు కనిపించకపోయినా కట్లపామును అనుమానించాలి. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో (అడవి గూడేల్లో) పనిచేయబోయేవారికి ఇది కంఠతా వచ్చి ఉండాలి.

కల్లు. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రాజోలామ్ కలుపుతారు. దుకాణాలు ఒక్కసారిగా మూతపడినా, మనిషి ఆసుపత్రిలో చేరినా రెండు మూడు రోజుల్లో వణుకు, నిద్రలేమి, లేనివి కనిపించడం, ఫిట్స్ మొదలవుతాయి. కాలు విరిగి చేరిన ముసలమ్మ మూడో రోజు పిచ్చిగా మాట్లాడుతుంటే ఆ మనిషి రోజూ ఎన్ని సీసాలు తాగేదో ఇంటివాళ్లను విడిగా అడగండి. ఆడవాళ్లను ఈ ప్రశ్న అడగడానికి డాక్టర్లు మొహమాటపడతారు, అందుకే అసలు కారణం దొరకదు. ఈ మందులు ఒక్కసారిగా ఆపకూడదు, మోతాదు కొద్దికొద్దిగా తగ్గించాలి. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయామిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి.

వలస. ముంబై, పుణె పనులకు పోయి వచ్చే పాలమూరు కుటుంబాల్లో రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష తప్పనిసరి. టీబీ తేలితే ప్రైవేటు డాక్టరైనా ప్రభుత్వ టీబీ నమోదు పోర్టల్ అయిన నిక్షయ్‌లో నమోదు చేయాలి. 2012 నుంచి ఇది నిబంధన. రాళ్లు కొట్టే పని, క్రషర్ పని చేశారా అని కూడా అడగండి, రాతిధూళితో ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ టీబీలా కనిపిస్తుంది. మందులు రెండు మూడు నెలలకు సరిపడా ఇచ్చి, చీటీ మీద మందుల అసలు పేర్లు రాసి పంపితే అక్కడి డాక్టర్ కొనసాగించగలడు.

రోగులు సూది, సెలైన్ అడుగుతారు. ఇవ్వకపోతే మళ్లీ రారు కదా?

మొదటి ఆరు నెలలు కొందరు రారు. నిజమే. అందుకే చెప్పే పద్ధతి నేర్చుకోవాలి. అర లీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు. అర లీటరు 5 శాతం గ్లూకోజ్‌లో 25 గ్రాముల గ్లూకోజు. వాంతులు లేని మనిషికి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి ఇస్తే అంతకంటే మేలు. పొడిని సగం గ్లాసులో కలిపి తాగిస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం, కాబట్టి కలపడం చేసి చూపించండి. "సూది వద్దు" అని ఊరుకోకండి. పొట్ట నొక్కి చూసి, నాలుక చూసి, జ్వరం కొలిచి, ఏ లక్షణం వస్తే మళ్లీ రావాలో చెప్పి, మర్నాడు ఫోన్ చేయమనండి. చెయ్యి పెట్టి చూశాడన్న నమ్మకం కుదిరితే సూది అడగడం తగ్గుతుంది. ప్రతి జ్వరానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది పొడిచే అలవాటు షుగర్‌ను పెంచుతుంది, టీబీని కప్పిపెడుతుంది.

ఊళ్లో ఆర్ఎంపీలతో ఎలా మెలగాలి?

రిజిస్ట్రేషన్ లేకుండా అల్లోపతి వైద్యం చేయడం జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద నేరం. ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. కాబట్టి కమీషన్ ఇచ్చి రోగులను తెప్పించుకోవడం, వారి పేరు మీదుగా చీటీలు రాయడం చేయొద్దు. అది వృత్తి నియమావళికీ విరుద్ధం. అయితే రాత్రి పూట రోగి మొదట వెళ్లేది వారి దగ్గరికే. పాముకాటు, ఛాతీనొప్పి, గర్భిణికి రక్తస్రావం, పక్షవాతం వస్తే చెయ్యి పెట్టకుండా 108కు ఫోన్ చేయించమని వారికి, ఆశాలకు, ఆటోవాళ్లకు చెప్పి ఉంచడం తప్పు కాదు, అవసరం.

సొంత క్లినిక్ పెట్టాలంటే ఏమేం కావాలి?

తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో ఎంబీబీఎస్‌తో పాటు పీజీ అర్హతనూ నమోదు చేయించాలి. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ రిజిస్ట్రేషన్‌కు జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో దరఖాస్తు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం ఉండాలి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, సూది తీసిన సిరంజి, ఐవీ గొట్టాలు ఎరుపులోకి, సూదులు, బ్లేడ్లు పొడుచుకురాని తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి పోవాలి.

స్కానింగ్ యంత్రం ఆశపడి కొనకండి. పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే చట్టం) కింద అర్హత, రిజిస్ట్రేషన్, ప్రతి గర్భిణికీ ఫారం ఎఫ్ లేకుండా అది గదిలో ఉండటమే నేరం. ఆ డబ్బుతో ఈసీజీ, పల్స్ ఆక్సీమీటర్, నెబ్యులైజర్, ఆక్సిజన్ సిలిండర్, గ్లూకోమీటర్, చెవి చూసే ఓటోస్కోప్, తూకం, మంచి స్టెరిలైజర్ వస్తాయి. అడ్రినలిన్, హైడ్రోకార్టిసోన్, అట్రోపిన్, 25 శాతం డెక్స్‌ట్రోజ్, ఆస్పిరిన్, ఫిట్స్‌కు మిడజోలామ్ ఉన్న ఎమర్జెన్సీ ట్రేను నెలకోసారి గడువు తేదీలు చూసి సర్దాలి. టీకాలు పెడితే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేసవిలో కరెంటు పోయే ఊళ్లో ఐస్‌ప్యాకులు, థర్మామీటరు లేకుండా టీకాల జోలికి వెళ్లొద్దు.

స్పెషలిస్టు దగ్గరికి పంపేటప్పుడు చీటీలో ఏం రాయాలి?

"ఉన్నత చికిత్సకు పంపడమైనది" అన్న ఒక్క లైను ఎవరికీ పనికిరాదు. లక్షణం ఎప్పుడు మొదలైంది, మీరు చూసినప్పుడు నాడి, బీపీ, ఆక్సిజన్, షుగర్ ఎంత, ఏ మందు ఎంత మోతాదులో ఏ టైముకు ఇచ్చారు, ఏ మందు పడదు, పాత జబ్బులేమిటి, మీ అనుమానం ఏమిటి, వారి నుంచి మీకు కావలసిన జవాబు ఏమిటి: ఇవన్నీ రాయాలి. పాముకాటుకు వయల్స్ లెక్క, పురుగుమందుకు అట్రోపిన్ లెక్క, గర్భిణికి నెలలు, రక్తం గ్రూపు తప్పక ఉండాలి. దేవరకొండ తండాల నుంచో నారాయణపేట సరిహద్దు నుంచో వచ్చినవారైతే ఏ భాష మాట్లాడతారో కూడా రాయండి. చీటీ ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకుని, పంపే ముందే ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి మంచం ఉందో లేదో కనుక్కోండి. డిశ్చార్జి అయిన వారంలోపు రోగి మీ దగ్గరికి రాకపోతే ఆశాకు ఫోన్ చేసి కొత్త మందులు ఏవి రాశారో, పాతవి వాటితో కలిపి రెండుసార్లు మింగుతున్నారేమో అడిగించండి.